ఓడినవాడి నకలు

బాపట్ల,
ఆదివారం మధ్యాహ్నం.

చి. బుజ్జమ్మకు,

నీ ఉత్తరం గురువారం అందింది. ఫోనులో నాకు మాట సరిగా వినపడదని, పెద్ద పెద్ద అక్షరాలతో నాలుగు పేజీలు రాశావు. నాలుగూ రెండేసిసార్లు చదివాను. మూడో పేజీ మాత్రం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అంతకుముందు రోజే మీ అమ్మ ఫోను చేసి, "ఇది ఉద్యోగం వదిలేస్తుందట పిన్నీ, హైదరాబాదులో ఏదో కంపెనీలో చేరుతుందట" అని మీ చిన్నమ్మమ్మ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

నీ ఉత్తరంలో రాజీనామా ఊసు లేదు. ఉన్నది వేరు. నీ తీర్పును పై కోర్టు కొట్టేసింది, కొట్టేయడమే కాక నీ మీద ఒక మాట కటువుగా రాసింది. రాత్రిళ్లు కూర్చుని ఇరవై రెండు పేజీలు రాసినందుకు దక్కింది ఇదా అని అడిగావు. ఆ కిందనే "ఇకనుంచి రెండు పేజీల్లో తేల్చేస్తాను తాతయ్యా, అన్నన్ని పేజీలు ఎవరు చదవొచ్చారు" అన్నావు. కేసు వివరాలేవీ రాయలేదు. రాయకపోవడమే పద్ధతి, నేనూ అడగను.

నువ్వు కుర్చీ దిగుతావన్న కబురు కన్నా ఆ రెండు పేజీల మాటే నన్ను కలవరపెట్టింది తల్లీ. ఎవరు చదవొచ్చారన్నావు చూడు, ఎవరు చదువుతారో నాకు తెలుసు. ముప్పై ఏడేళ్లు చూశాను.

అది చెప్పేముందు ఇంకోటి. మధ్యాహ్నం వేళకింత అన్నం తింటున్నావా? బెంచి దిగి ఛాంబర్లో కూర్చుంటే డఫేదారు టీ తెస్తాడు, ఆ టీతోనే సాయంత్రందాకా నెట్టుకొస్తావని మీ అమ్మ చెప్పింది. ఆకలిమీదున్న మనిషి చేతికి వాయిదా తేలిగ్గా వస్తుంది. మీ చిన్నమ్మమ్మ గోంగూర పచ్చడి, కందిపొడి కట్టి ఉంచింది. వచ్చే వారం మనవాళ్లు అటు వస్తున్నారు, పంపిస్తాం.

ఇక విను. నేను నకళ్ల సెక్షన్‌లో చేరింది 1967 జనవరిలో. కోర్టు వరండా చివర మా గది, దానికో కటకటాల కిటికీ. తీర్పు చెప్పిన మర్నాడు ఆ కిటికీ దగ్గరకు వచ్చేదెవరనుకున్నావు? గెలిచినవాడు రాడు. వకీలుగారికి దండం పెట్టి, మిఠాయి పొట్లం కట్టించుకుని ఊరి బస్సెక్కుతాడు. అమలు పెట్టుకోవలసి వస్తే అప్పుడు డిక్రీ నకలు కోసం వస్తాడు, అంతే. వచ్చేది ఓడినవాడు. అప్పీలుకి జిల్లా కోర్టుకు వెళ్లాలంటే ముప్పై రోజుల గడువు. నకలు తయారవడానికి పట్టిన రోజులు ఆ గడువులో లెక్కకు రావు. అందుకని దరఖాస్తు పెట్టిందెప్పుడు, స్టాంపు కాగితాలు దాఖలు చేసిందెప్పుడు, నకలు సిద్ధమైందెప్పుడు, అన్నీ చివరి కాగితం వెనక ముద్ర వేసి రాసేవాళ్లం. ఆ తేదీల కోసం మాతో పోట్లాడేదీ ఓడినవాడే, కాగితం చేతికొచ్చాక మెట్లమీద కూర్చుని చదివేదీ ఓడినవాడే. చదవడం రానివాడైతే నన్ను పిలిచి చదివించుకునేవాడు. తీర్పులు ఇంగ్లీషులో ఉండేవి గనక సంతకం వచ్చినవాడికి కూడా నేనే దిక్కు.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడో మూడో ఏడో, పంటబోదె తగాదాలో ఓడిపోయిన ఒక రైతు వచ్చాడు. ఏ కోర్టో, ఏ ఊరో వద్దు. పెద్దమనిషి, చొక్కా లేదు, భుజాన తువ్వాలు. నకలు ఇచ్చాను. మొత్తం ఒకటిన్నర కాగితం. చదివిపెట్టమన్నాడు. వేపచెట్టు కింద కూర్చుని తెలుగులో చెప్పాను. కేసు ఇదీ, ఇష్యూలు ఇవీ, వాది సాక్ష్యం నమ్మదగినదిగా లేదు, దావా ఖర్చులతో సహా కొట్టివేయడమైనది. "ఎందుకు నమ్మలేదంటాడు?" అని అడిగాడు. అది లేదన్నాను. నా చేతిలోంచి కాగితం తీసుకుని వెనక్కి తిప్పి చూశాడు. వెనక మా ముద్రా, మేం రాసిన మూడు తేదీలూ ఉన్నాయి. "ఇదేమిటి?" అన్నాడు. తేదీలన్నాను. కాగితం నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుని వెళ్లిపోయాడు. నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, మీ అమ్మ పెళ్లికి నేను పీటల దగ్గర నిలబడ్డాను, అయినా ఆ కాగితం తిప్పిన చెయ్యి నన్ను వదల్లేదు.

ఆయన దావా న్యాయంగా ఓడిపోయిందేమో, నాకు తెలియదు. అతడికి రావలసిన బోదె నీళ్ల సంగతి నేను మాట్లాడటం లేదు. అతడికి రావలసిన జవాబు రాలేదు.

దీనికి ఎదురుగా ఇంకొకావిడ గుర్తొస్తుంది. ఆస్తి పంపకాల దావాలో ఓడిన ఆడమనిషి. ఆ దావా విన్న మునసబుగారు ఆవిడ వాంగ్మూలం గురించే నాలుగు పేజీలు రాశారు. ఆవిడ చెప్పింది ఫలానా, అది ఫలానా దస్తావేజుతో కుదరడం లేదు, కుదరకపోవడానికి ఆవిడ చెప్పిన కారణం ఫలానా, ఆ కారణం నిలవడం లేదు, ఇదీ కారణం. ఆ నాలుగు పేజీలూ చదివించుకుంది. ఆవిడ మాటలున్న చోటు మళ్లీ చదవమంది. "నేనన్నది అన్నట్టే రాశాడయ్యా" అంది. అప్పీలుకు వెళ్లిందో లేదో నాకు తెలియదు. వెళ్లేటప్పుడు నా బల్లమీద రెండు జామకాయలు పెట్టి వెళ్లింది.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ ఆర్డరు, 4వ రూలు నీకు కంఠతా వచ్చు. స్మాల్ కాజ్ కోర్టు తీర్పులో తేల్చవలసిన అంశం, తేల్చినది ఉంటే చాలు. తక్కిన కోర్టుల తీర్పుల్లో కేసు సంగ్రహం, అంశాలు, నిర్ణయం, ఆ నిర్ణయానికి కారణాలు ఉండి తీరాలి. ఆ చివరి మాట ఎవరి కోసం పెట్టారనుకుంటున్నావు? గెలిచినవాడికి కారణాలతో పనేముంది?

నా మాట నీకు చాదస్తంగా తోస్తుందేమో. అందుకే నీ చదువులోంచే ఒక మనిషిని తెస్తాను. కోకా సుబ్బారావుగారు. గోలక్‌నాథ్ కేసు నువ్వు లా కాలేజీలో చదివావు, పరీక్ష రాశావు. ఈసారి ఆయన్ని నా కిటికీలోంచి చూడు.

1902లో రాజమండ్రిలో పుట్టారు. మద్రాసులో లా చదివారు. నువ్విప్పుడు కూర్చున్న కుర్చీలాంటి కుర్చీలోనే, జిల్లా మునసబుగా, కొన్ని నెలలపాటు మన బాపట్లలోనే పనిచేశారు. తర్వాత బావమరిది పి.వి. రాజమన్నారుగారితో కలిసి మద్రాసులో ప్రాక్టీసు చేశారు. 1948లో హైకోర్టు జడ్జి అయ్యారు. 1954 జులైలో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1958 జనవరిలో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1966 జూన్ 30న దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

వెళ్లిన ఏడాదే, 1958 డిసెంబరులో, పాట్నా సర్చ్‌లైట్ పత్రిక కేసు వచ్చింది. శాసనసభ హక్కులు గొప్పవా, పత్రిక రాసుకునే స్వేచ్ఛ గొప్పదా అన్నది తగాదా. నలుగురు సభ వైపు, ఈయన ఒక్కరూ పత్రిక వైపు. ఓడిపోయారు.

తర్వాత ఖరక్ సింగ్ కేసు. ఇది నువ్వు మళ్లీ చదవాలి. 1941లో ఉత్తరాదిన ఈ మనిషిమీద దోపిడీ కేసు పెట్టి, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేశాక కూడా పోలీసులు అతడి పేరున హిస్టరీ షీటు తెరిచారు. చౌకీదార్లు, కానిస్టేబుళ్లు రాత్రిళ్లు వచ్చి తలుపు కొట్టేవాళ్లు, కేకలేసి లేపేవాళ్లు, బయటికి రమ్మనేవాళ్లు. ఊరు దాటాలంటే చెప్పి వెళ్లాలి. అతడు సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1962 డిసెంబరు 18న ఆరుగురు జడ్జీలు తీర్పు చెప్పారు. రాత్రిపూట ఇంటిమీదకు వచ్చి లేపడం చెల్లదని అందరూ ఒప్పుకున్నారు. మిగతా నిఘా చెల్లుతుందని, గోప్యత అనే హక్కేదీ రాజ్యాంగంలో లేదని నలుగురన్నారు. సుబ్బారావుగారూ, షాగారూ వేరుపడ్డారు. సంకెళ్లు లేనంత మాత్రాన మనిషి స్వేచ్ఛగా ఉన్నట్టు కాదు, నీడలా వెంట తిరిగే కళ్లుంటే అడుగు తీసి అడుగు వేయడంలోనే మనసు ముడుచుకుపోతుంది, గోప్యత స్వేచ్ఛలోదే, ఆ నిఘా నిబంధన మొత్తం పోవలసిందే. ఇదీ సుబ్బారావుగారి వాదం సారం.

అప్పటికి అది ఓడిన తీర్పు. ఆరుగురిలో ఇద్దరిది. దాని ప్రకారం ఒక్క కానిస్టేబులు కూడా నడుచుకోనక్కర్లేదు. ఎవరు చదవొచ్చారని ఆయనా అనుకుని, రెండు ముక్కల్లో "నేను ఒప్పుకోను" అని సంతకం పెట్టి ఊరుకుని ఉండొచ్చు. ఆయన కారణాలు రాశారు.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. ఖరక్ సింగ్ కేసులో నలుగురు చెప్పినదాన్ని ఆ మేరకు తోసేసి, సుబ్బారావుగారు చెప్పిందే సరైనదన్నారు. మన సుప్రీంకోర్టు చరిత్రలోని మూడు గొప్ప భిన్నాభిప్రాయాలను ఆ తొమ్మిదిమందిలో ఒకరైన నారిమన్‌గారు అందులో వరసగా చెబుతూ, ఫజల్ అలీగారిదీ, హెచ్.ఆర్. ఖన్నాగారిదీ పక్కన ఈయనదీ ఎత్తిచూపారు. యాభై నాలుగేళ్లు దాటాక! అప్పటికి ఆయన పోయి నలభై ఒక్కేళ్లు. ఆ రోజు టీవీ ముందు నేనొక్కణ్ణే కూర్చున్నాను. మీ చిన్నమ్మమ్మ వచ్చి ఎందుకేడుస్తున్నావంది. బొడ్లో దోపుకున్న ఆ నాలుగు మడతల కాగితం గుర్తొచ్చిందే, అన్నాను.

ఆయన గెలిచిన కేసు కూడా చూడు. 1967 ఫిబ్రవరి 27, గోలక్‌నాథ్. పదకొండు మందిలో ఆయనతో కలిపి ఆరుగురు ఒక వైపు. జలంధరులో ఐదువందల ఎకరాలు పైబడిన కుటుంబం, భూపరిమితి చట్టం మీద తగాదా. ప్రాథమిక హక్కులను తీసేసే సవరణ పార్లమెంటు చేయకూడదన్నారు. నేను చేరి రెండు నెలలు కాలేదు, రేడియోలో ఆ వార్త విని వరండా అంతా వకీళ్ల అరుపులే. మీ పాఠాల్లో ఎక్కువమంది వదిలేసే ముక్క ఒకటి అందులో ఉంది. ఈ సూత్రం ఇకముందుకే, ఇప్పటిదాకా జరిగిన సవరణలు చెల్లుతాయి అన్నారు. ఆ సవరణల అండతో భూమి దక్కినవాళ్లని వెళ్లగొట్టి దేశాన్ని తలకిందులు చేయకూడదని. అంటే సూత్రం గెలిచిన గోలక్‌నాథులకు భూమి తిరిగి రాలేదు. ఆరేళ్లు దాటగానే, 1973 ఏప్రిల్ 24న, కేశవానంద భారతి కేసులో ఆ తీర్పును పక్కనపెట్టారు. పార్లమెంటు అధికారానికి ఒక హద్దు ఉండాలన్న విత్తనం మాత్రం మౌలిక స్వరూపం అన్న పేరుతో మిగిలింది.

గెలిచింది ఆరేళ్లు దాటగానే పోయింది. ఓడింది యాభై నాలుగేళ్ల తర్వాత నిలబడింది. ఒక్క అప్పీలులో పోయిన నీ ఇరవై రెండు పేజీల లెక్క ఇప్పుడే ఎలా తేలుస్తావు?

ఆయన చివరిగా చెప్పిన తీర్పుల్లో ఒకటి పాస్‌పోర్టుది. 1967 ఏప్రిల్ 10. పాస్‌పోర్టు ఇవ్వడం ప్రభుత్వం ఇష్టం అనేవాళ్లు అప్పట్లో. విదేశం వెళ్లడం వ్యక్తిగత స్వేచ్ఛలో భాగం, చట్టం లేకుండా కాదనడానికి వీల్లేదని ముగ్గురన్నారు, ఇద్దరు వేరుపడ్డారు. దాంతో ఆ ఏడే పార్లమెంటు పాస్‌పోర్టుల చట్టం చేసింది. ఆ చట్టం 5వ సెక్షను చదువు. పాస్‌పోర్టు నిరాకరిస్తే కారణాలు క్లుప్తంగా రాసి పెట్టాలి, అడిగితే ఆ మనిషికి దాని నకలు ఇవ్వాలి. దేశభద్రతలాంటి కొన్ని మినహాయింపులున్నాయి. కారణాలూ, నకలూ! మీ అన్నయ్య డల్లాస్‌లో ఉన్నాడు, మన వీధిలో ఇంటికొక పిల్లో పిల్లాడో దేశం దాటారు. అందులో ఎంతమందికి ఆయన పేరు తెలుసు?

ఆ మర్నాడే, ఏప్రిల్ 11న, ఆయన కుర్చీ దిగారు. ఇంకో మూడు నెలలుంటే అరవై అయిదు నిండి రిటైరయ్యేవారు. ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. జాకిర్ హుస్సేన్‌గారికి 4,71,244 ఓట్ల విలువ, ఈయనకు 3,63,971. ఓడిపోయారు.

ఆయనంటే నాకెంత గౌరవమో నీకు తెలుసు. అయినా ఇది తప్పేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. రాజ్యాంగం అడ్డు చెప్పలేదు. కానీ గోలక్‌నాథ్‌లో ఓడింది ప్రభుత్వం. ఓడినవాడు కారణాలు చదివి, "సరే, నాకు నచ్చలేదు గానీ ఈ మనిషి నిజంగా ఇలాగే నమ్మాడు" అనుకోవాలి. తీర్పు ఆరి ఆరకముందే జడ్జి అదే ప్రభుత్వానికి ఎదురుగా ఓట్ల బరిలో నిలబడితే, ఓడినవాడు కాగితం వెనక్కి తిప్పి చూడడా? అందులో లేని కారణం కోసం వెతకడా? ఆయన మనసులో అలాంటిదేమీ లేదని నా నమ్మకం. అయినా వెతకడానికి చోటిచ్చారు. అందుకే కుర్చీ దిగాలనుకుంటే దిగు తల్లీ, నేను అడ్డు రాను. కానీ ఒక దెబ్బ తిన్న నెలలో దిగకు. దిగిన రోజున నీ పాత తీర్పులు చదివిన ఓడినవాళ్లెవరికీ అనుమానం మిగలకూడదు.

నా తొలి ఏడు సంగతి ఒకటి నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఒక నకలు టైపు చేస్తూ ఒక పంక్తి వదిలేశాను. ప్రతివాది స్వాధీనం రుజువు కాలేదన్న వాక్యంలో "కాలేదు" ఉన్న పంక్తే జారిపోయింది. అసలుతో సరిచూసేటప్పుడు మా సీనియరు గుమాస్తా చదువుతూ ఆగిపోయారు. కోప్పడలేదు. "అబ్బాయ్, ఓడినవాడు ఈ కోర్టునుంచి ఇంటికి తీసుకెళ్లేది ఈ కాగితమొక్కటే" అన్నారు. మొత్తం మళ్లీ కొట్టాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు. నా పిచ్చంతా అక్కడ మొదలైంది.

నీకు గుర్తుందా, నీకు నాలుగేళ్లప్పుడు మా ఇంట్లో పాత కార్బన్ కాగితాలు దొరికితే చేతులూ మొహమూ నీలం చేసుకుని "తాతయ్యా, నేనూ నకలు తీశా" అని గోడమీద అరచెయ్యి అద్దావు. సున్నం వేయించినప్పుడల్లా ఆ చెయ్యి ఉన్నమేర వదిలేయమని మేస్త్రీకి చెబుతూ వచ్చాం. ఇప్పటికీ ఉంది.

ఆ చేతికి చెబుతున్నాను. ఇరవై రెండు పేజీలే రాయమనడం లేదు. ఏడు చాలితే ఏడే రాయి. పై కోర్టుల తీర్పుల్లోంచి పేరాలకు పేరాలు కంప్యూటరులో అతికించి బరువు పెంచకు, ఓడినవాడికి అవి అక్కర్లేదు. నువ్వు చెప్పింది విన్నాను, ఇందుకు నమ్మలేదు అన్న నాలుగు మాటలు అతడికి కావాలి. సంతకం పెట్టేముందు ఒక్కసారి ఓడిపోతున్న పక్షం పేరు తలుచుకుని మొదటినుంచి చదువు. ఎక్కడైనా "ఎందుకు?" అని ఆగితే, అక్కడ ఇంకో పంక్తి పెట్టు.

ఇప్పుడు చేయవలసిన పని ఒకటుంది. నిన్ను కాదన్న ఆ అప్పీలు తీర్పు తెప్పించి మళ్లీ చదువు. కోపం తగ్గాక, అన్నం తిన్నాక చదువు. ఈసారి ఓడింది నువ్వు గనక కారణాలు రాసింది నీకోసమే. నువ్వు పొరబడ్డ చోటు అందులో చూపించి ఉంటే ఒప్పుకో, పుస్తకంలో రాసుకో. నీ మీద రాసిన ఆ కటువు మాట మోయాల్సింది రాసినవాళ్లు, నువ్వు మోయకు. కారణం సరిగా రాయలేదనిపిస్తే, కాగితం వెనక్కి తిప్పి చూసినప్పుడు ఎలా ఉంటుందో నీకు తెలిసొస్తుంది. ఆ తెలిసినదాంతో సోమవారం బెంచి ఎక్కు.

పచ్చడి జాడీ మూత గట్టిగా బిగించమని చెప్పాను, దారిలో ఒలకదు. కళ్లజోడు నంబరు మారిందన్నావు, వెంటనే చూపించుకో. దసరా సెలవులకు రా. నీ తీర్పు నకలు ఒకటి తీసుకురా, చదివిపెట్టు. ఆ వేపచెట్టు ఇప్పుడు లేదు గానీ, మన పెరట్లో వేపచెట్టు ఉంది.

ఇట్లు,
నీ చిన్నతాతయ్య